మా బావ తాగని నీళ్లు

మా బావ ఎక్కడ కూర్చున్నా అంచుదాకా నింపిన గ్లాసు నీళ్లు అడుగుతాడు. తాగడు. ఎదురుగా పెట్టుకుని, అవి వణుకుతాయేమోనని రెప్ప వెయ్యకుండా చూస్తాడు. నేల కడుపులో మాట ముందు నీళ్లకే తెలుస్తుందని ఆయన సిద్ధాంతం.

బావ ఇంజనీరు. వరదొస్తే నీరు ఊళ్లోకి పొర్లకుండా, భూకంపమొస్తే గట్టు నదిలోకి జారకుండా, నేలలోకి ఉక్కు దిమ్మెలు దింపి నదిగట్టును గట్టిపరచడం ఆయన పని. ఆ పని ఇంటికీ తెచ్చుకుంటాడు.

"బావా, కాఫీ?"

"ముందు నీళ్లు." కాసేపు చూసి, "ఒరేయ్, మీ ఫ్రిజ్జుకి ఒక కాలు పొట్టి" అన్నాడు. నిజమే. అయిదేళ్లుగా మాకే తెలీదు.

అక్క ప్రసవానికి ఆస్పత్రిలో ఉంటే, వరండాలో గ్లాసు పెట్టుకుని కూర్చున్నవాడల్లా "పుట్టేసింది!" అని గంతేశాడు. పక్క గదిలో ఎవరో మంచం జరిపారు. బిడ్డ పుట్టడానికి ఇంకో నాలుగు గంటలు పట్టింది.

గట్టు పని పాత వీధికి చేరాక, రోజూ పొద్దున్నే వాచీలు బాగుచేసే తాత కొట్లో తేలేవాడు. నదికి పదడుగుల్లో ఉన్న కొట్టు. కింద వ్యాపారం, మిద్దె మీద కాపురం, రెంటికీ ఆధారం ఒక బీటలువారిన గోడ. దిమ్మెలు దిగ్గొట్టే యంత్రం అక్కడికొస్తే ఆ గోడ నిలవదని వీధంతా అనుకునేవారు. తాతకు వేరే చోటు లేదు.

"తాతా, నా వాచీ చూడు."

"నిక్షేపంగా ఉంది బాబూ. నిన్నా ఇదే చెప్పాను."

"అయితే గ్లాసెడు నీళ్లియ్యి."

"మళ్లీ తాగకుండా పోతావు! ఎవడు పారబొయ్యాలి?"

ఓ రోజు బావ యంత్రం ఆపేశాడు. పై అధికారి రుసరుసలాడుతూ వచ్చాడు.

"పని ఎందుకాపారు?"

"నీళ్లు వణికాయి సార్."

"నదిలోనా?"

"గ్లాసులో."

బావ ఆయన్ను తాత కొట్లో కూర్చోబెట్టి, బయట ఒకే ఒక్క దెబ్బ వెయ్యమన్నాడు. గ్లాసు ఒలికింది. గోడ సున్నం అధికారి నెత్తిన రాలింది. వారం తిరక్కుండా, బాదకుండా మెల్లగా నొక్కి దింపే యంత్రం వచ్చింది.

ఆఖరి దిమ్మె దిగిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. గ్లాసులో నీళ్లు అద్దంలా ఉన్నాయి. గోడ చెక్కు చెదరలేదు.

"ఇన్నాళ్లూ వాచీ కోసం కాదన్నమాట! నా గోడకు కాపలా కాశావా బాబూ?"

"అబ్బే, దాహమేసి వచ్చా తాతా" అంటూ బావ గ్లాసెత్తి గటగటా తాగేశాడు.

ఖాళీ గ్లాసు చూసి తాత ముఖం చిన్నబోయింది. "అయితే రేపట్నించి రావా?"

బావ వాచీ విప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఎందుకు రాను? ఇది ఇవాళో రేపో ఆగేట్టే ఉంది."