నా కళ్ళ కోసం ప్రార్థన

కారు కొన్న కొత్తలో, ఊళ్ళో సగం మంది కలిసి నన్ను గుడ్డివాణ్ణి చేయాలని చూస్తున్నారని గట్టిగా నమ్మాను. ఆ నమ్మకం ఎంత ప్రమాదం దాకా పోయిందో చెబుతాను. నవ్వుకోండి, మా ఇంట్లో ఇంకా ఆపలేదు.

నా ఆఫీసు మడికొండలో, ఇల్లు కాజీపేటలో. పొద్దుగూకాక బయలుదేరితే చాలు, ఎదురొచ్చే ప్రతి లారీ, ప్రతి ఆటో నా మొహం మీద టపటపా లైట్లు కొట్టేది. నా పెళ్ళిలో ఫొటోగ్రాఫరు కూడా అన్నిసార్లు కొట్టలేదు. ఇల్లు చేరేసరికి కళ్ళ ముందు పచ్చటి చుక్కలు ఈదేవి. చూపు పోతే ఉద్యోగం ఏం కావాలి, పాప మొహం ఎలా చూడాలి? రోజూ లేవగానే ఒక్కో కన్నూ మూసి క్యాలెండరు చదువుకునేవాణ్ణి.

కంటి దవాఖానకు పోతే డాక్టరమ్మ, "మీ కళ్ళు మంచిగనే ఉన్నయి" అంది.

"మరి అందరు నాకే ఎందుకు లైట్లు కొడుతున్నరు మేడం?"

"అది వాళ్ళనే అడగాలె" అని తర్వాతి పేషెంటును పిలిచింది.

నా భయం చూడలేక మా అత్తమ్మ, మడికొండ చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరుగారికి ఫోన్ చేసి, నా కళ్ళ కోసం ప్రార్థన పెట్టించింది. ఆ సాయంత్రం అత్తమ్మనూ, నా భార్య సునీతనూ ఎక్కించుకుని బయలుదేరాను. మసక చీకటి పడింది. ఎదురుగా వస్తున్న స్కూటరు ఒక్కసారిగా తూలి, రోడ్డు దిగి బురదలో కూలబడింది.

కారాపి పరుగెత్తాను. ఒక పెద్దాయన చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని లేస్తున్నాడు.

"దెబ్బ తాకిందా పెద్దయ్యా?"

"తాకలే. జర ఆ లైట్లు దించు బిడ్డా. నాకేం కనిపిస్తలేదు."

"అవి మామూలు లైట్లే."

"హైబీమ్ మామూలేంది? లారీలోళ్ళు లైట్లు కొట్టి చెప్తలేరా నీకు?"

కారులో నుంచి సునీత చేయి చాచి స్టీరింగు పక్కనున్న పుల్లను కదిపింది. లైట్లు కిందికి వాలి, రోడ్డంతా చల్లబడినట్టయింది.

"ఎన్ని దినాల నుంచి ఇట్లనే నడుపుతున్నవయ్యా?" అంది.

"కొన్నప్పటి నుంచి" అన్నాను.

ఇన్నాళ్ళూ వాళ్ళు నా కళ్ళు పొడవలేదు. తమ కళ్ళు కాపాడమని బతిమాలుకున్నారు. ఆయన వెనకే లారీ వస్తుంటే ఏమయ్యేది! స్కూటరు లేపి ఇచ్చి, క్షమాపణ అడిగి, చర్చికి చేరాం.

కాసేపటికి, బయటికి పోయిన పాస్టరుగారు తిరిగొచ్చారు. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద.

నన్ను చూశారు. దగ్గరికి పిలిచి, తల మీద చేయి పెట్టి కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా, ఈ బిడ్డ కళ్ళు కాపాడు" అన్నారు. కొంచెం ఆగి, "ఈయనకు ఎదురొచ్చేటోళ్ళ కళ్ళు ఇంకా జర ఎక్కువ కాపాడు" అన్నారు.

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మా అత్తమ్మే.

అందుకే పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై హైబీమ్ జోలికి పోను. నడిరోడ్డు మీద ఎవరు కన్ను కొట్టినా, తప్పు నాదేనని ముందుగానే ఒప్పుకుంటాను.