మఠం గోడ బయట

గోరంట్ల పక్కనున్న మా పుట్టినూరికి మొన్న పెళ్లికి వెళ్లాను. కల్యాణమండపంలో అడుగు పెట్టగానే కొత్త రంగు వాసన గుప్పుమంది. ఆ రంగు కింద ఉన్నవి మా పాత మఠం రాళ్లే. నాకు ఆకలి చచ్చిపోయింది.

శ్రీశైలం నడిచిపోయే జంగమయ్యల కోసం ఎప్పుడో రాజుల కాలంలో కట్టిన మఠం అది. చనిపోయిన స్వాములను కూర్చోబెట్టి పెరట్లోనే పూడ్చి, పైన రాతి గద్దెలు కట్టేవారు. చివరి స్వామి పోయాక ఆ పీఠం ఎక్కేవారే లేకపోయారు. ఆయన చెల్లెలు గురవ్వ ఒక్కతే మిగిలింది. వసారాలో బడి పెట్టారు. నేను మూడో తరగతి దాకా చదివింది అక్కడే. కరువులో గురవ్వ బడి పిల్లలందరికీ సంగటి పెట్టేది. ఒకరోజు పళ్లెం కడిగి నీళ్లు పారబోయబోతే నా చెయ్యి పట్టుకుంది.

“ఏమ్మే, యాడ పోస్తాండావు?”

“కడిగిన నీళ్లవ్వా.”

“తాగు. సంగటి మట్టిలో కలిపేకి మీ నాయనేమన్నా కాలవ కింద వరి పెట్టినాడా?”

పిల్లలు నవ్వారు. నేను ఏడుస్తూ తాగాను. దేవుడికి చూపించిన తిండి రవ్వంత కూడా పోకూడదని మఠంలో అందరూ అలాగే తాగేవారట. ఇప్పటికీ నేను పళ్లెం కడిగిన నీళ్లు తాగుతుంటే కోడళ్లు ముఖం తిప్పుకుంటారు. తిప్పుకోనీ.

బడికి వేరే గదులు కట్టాక, ఊరి పెద్దలు మఠాన్ని వేరుశనగ వ్యాపారికి గోదాముగా ఇచ్చారు. గురవ్వ వంటింట్లోనే ఉండిపోయింది. ఆమెకు ఒకటే కోరిక, అన్న గద్దె పక్కనే తననూ పూడ్చాలని. మా నాయన కనబడితే చాలు, అదే మాట.

“ఏమప్పా, నేను పోతే ఆ జాగాలో పెడతావా?”

“నీకెందుకవ్వా, నేనుండా గదా” అనేవాడు నాయన.

ఆమె పోయిన రోజు వ్యాపారి పెరటి తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

“ఈడ పీనుగుల్ని పెడితే నా మూటలు కొనేదెవరప్పా? బయట పెట్టుకో.”

“సచ్చినామెకు మాటిచ్చినానన్నా.”

“ఇచ్చినోడివి నువ్వు. తాళం నాకాడుండాది.”

నాయన గోడ బయట కంపచెట్ల మధ్య గుంత తవ్వాడు. నేల ఎంత గట్టిదంటే గడ్డపార ఖంగుఖంగుమంది. పక్కూరి జంగమయ్య వచ్చి గురవ్వను కూర్చోబెట్టి, మెడలోని లింగాన్ని అరచేతిలో పెట్టి, విభూతి పోశాడు. నాయన పైన రాళ్లు పేర్చాడు. ఆ తర్వాత ఆయన ఆ వీధిలో నడవడమే మానేశాడు.

ఆ గోదామే ఇప్పుడు కల్యాణమండపం. పెళ్లి భోజనాలు ఆ పెరట్లోనే పెట్టారు. గద్దె ఒక్కటి కూడా లేదు. అంతా నున్నటి టైల్స్. స్వాముల తలల మీద కుర్చీలు వేసుకుని జనం తింటున్నారు. నేను విస్తరి ముందు కూర్చోలేక గోడ బయటికి నడిచాను. కంపలో గురవ్వ రాళ్లు కదలకుండా ఉన్నాయి. లోపలికి రానివ్వలేదు కాబట్టే ఆమె ఒక్కతే మిగిలింది. ఈ సంగతి చెబుదామంటే నాయన లేడు. మాట తప్పానన్న బరువుతోనే పోయాడు. ఆ బరువు దించే మాట ఇప్పుడు నా దగ్గరుంది.