తెల్లబట్టల రోజున ఎర్ర తల

మాంపాంగ్ గుట్ట సగం ఎక్కాక మా వ్యాను పొగలు కక్కి ఆగిపోయింది. డ్రైవరు దిగి ఇంజను మూత ఎత్తి, "కాస్త చల్లారనివ్వండి, ఇదీ మనలాంటిదే" అన్నాడు. కుమాసీలో ఎక్కినప్పట్నుంచీ మోకాళ్లని గడ్డానికి ఆనించుకు కూర్చున్న పదహారుమందిమీ రోడ్డు పక్క గడ్డిలోకి దిగాం. ఈ దారిన ముప్పై ఏళ్లుగా తిరుగుతున్నాను. గుట్ట మీద ఆగని బండి ఎక్కిన రోజున ఏదో మరిచిపోయి వచ్చినట్టుంటుంది నాకు.

నా పక్క సీటు పెద్దమనిషీ దిగాడు. గంజిపెట్టిన తెల్లబట్ట ఎడమ భుజం మీదుగా చుట్టుకున్నాడు. మల్లెపువ్వులా ఉంది బట్ట. నెత్తిన మాత్రం చెవులదాకా లాక్కున్న ఊలు టోపీ. ఆ ఎండలో టోపీ కింద ఆయన మొహం ఉడుకుతున్న దుంపలా మెరుస్తోంది. దారంతా నోరు విప్పనివాడు, ఇప్పుడు నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

"అన్నా, నువ్వు మా వాళ్లకి చుట్టానివి కాదు, పక్కానివి కాదు. అబద్ధమాడాల్సిన పని నీకు లేదు. ఒక్కసారి చూసి చెప్పు. నల్లగానే ఉంది కదా?" అని టోపీ తీశాడు.

చూశాను. పామాయిల్ గెల బాగా పండినప్పుడు ఎండలో ఎలా ఉంటుందో అలా ఉంది. అడుగున ఎక్కడో నలుపు ఉందంటే ఉంది. పైనంతా నిగనిగలాడే ఎరుపు. జవాబును వెంట తెచ్చుకున్న ప్రశ్నకి మనం జవాబు చెప్పక్కర్లేదని పెద్దలు ఎక్కడో రాశారు. అందుకని ఆకాశం వంక చూశాను. కానీ మా వెనకాల పొగచేపల గంప దించుకున్న అక్క ఉంది కదా!

"అయ్యో తాతా, బట్ట తెల్లది కట్టి తలకి చావుబట్ట చుట్టావేంటి!"

మిగతావాళ్లంతా మూగారు. ఈ నేల మీద ఎరుపు ఊరికే వేసుకునే రంగు కాదు. మనిషి పోయిన రోజుల్లో ఎర్రబట్ట కట్టేది రక్తసంబంధీకులు, ఆలుమగలు. ఆ తర్వాత ఏడాదంతా నలుపు. ఏడాది తిరిగాక ఆఖరి తంతు నాడు అందరూ తెల్లబట్టల్లోకి మారతారు. దుఃఖం ముగిసిందని ఊరందరికీ చూపించే రోజది. ఆ రోజున ఎర్రగా రావడమంటే, "మీ ఏడుపు అయిపోయిందేమో గానీ నాది ఇవాళే మొదలు" అని చాటడం.

పెద్దాయన గడ్డిలో కూలబడ్డాడు. "నిన్న సాయంత్రం నల్లగానే ఉందమ్మా. నా కళ్లతో చూసుకున్నాను."

"ఎక్కడ చూసుకున్నావు?"

"సెలూన్లో. కరెంటు లేదులే."

పేరు క్వాసీ అంపెమ్. అరవై నాలుగేళ్లు. బోర్డులు రాస్తాడు, బొమ్మలు వేస్తాడు. కుమాసీ బజార్లో సగం కొట్ల నుదుట ఉన్నది ఆయన చేతిరాతే. మాంసం కొట్టుకి వేసే ఎరుపు వేరు, మందుల షాపుకి వేసే ఎరుపు వేరు అని నాతో వాదించాడు, ఆ స్థితిలో కూడా. ఏ రంగునీ నీడలో నిలబడి ఒప్పుకోకూడదనీ, వాకిట్లోకి తెచ్చి చూడాలనీ పనివాళ్లకి నలభై ఏళ్లుగా చెబుతున్నవాడు.

"మరి నీ తలని వాకిట్లోకి తేలేదా?" అంది చేపలక్క.

"బయట చీకటి పడిందే!"

సంగతి ఇది. మాంపాంగ్‌లో ఫ్రేమా అనే ఆవిడ అన్నం హోటలు నడుపుతుంది. మొగుడు పోయి ఏడాది. ఆ హోటలు బోర్డు ఈయనే వేశాడు. వేశాక ఎండకి వెలిసిందని ఒకసారి, వానకి ఊడిందని ఒకసారి, మేక నాకిందని ఒకసారి వెళ్లి మళ్లీ వేశాడు. మేక నాకడం నిజమేనట. ఇవాళ్టితో ఆవిడ నల్లబట్ట విప్పి తెల్లబట్ట కడుతుంది. మనసులో మాట ఉన్నవాడు ఇవాళే ఆవిడ మేనమామ కంట పడాలి. రేపు పొద్దున్నే ఆయన సెఫ్వీలో కోకో తోటకి వెళ్లిపోతాడు. ఇక్కడ ఆడపిల్ల పెళ్లి విషయంలో మేనమామ మాటే మాట, తండ్రిది కూడా తర్వాతే. ఆ మేనమామ ఒడూరో ముందే అందరికీ చెప్పేశాడు: "ఇంకో ముసలాడికి మాత్రం ఇవ్వను. ఇచ్చి మళ్లీ దీనికి నల్లబట్ట కొనేదెవరు?"

అందుకని అంపెమ్ యాభై ఏళ్లవాడిలా కనబడదలుచుకున్నాడు.

తన మంగలి ఫ్రేమాకి పినతల్లి కొడుకు. అక్కడ వేయించుకుంటే రంగు ఆరేలోపు మాంపాంగ్‌కి కబురు చేరుతుంది. సరేనని ఆడవాళ్ల సెలూనుకి వెళ్లాడు. 'తొందరపడకు బ్యూటీ సెలూన్'. ఎందుకు దాన్నే నమ్మాడంటే, బోర్డు మీద నిగనిగలాడే నల్లజుట్టుతో నవ్వుతున్న మనిషి ఉన్నాడట.

"ఆ బొమ్మ వేసిందెవరు?" అన్నాను, అనుమానం వచ్చి.

కాసేపు గడ్డి పీకాడు. "నేనే."

డ్రైవరు ఇంజను వదిలేసి వచ్చి మరీ నవ్వాడు.

సెలూన్ అమ్మాయి ఎమిలియా జడలల్లడంలో దిట్ట. రంగుల సంగతి వచ్చేసరికి ఆమెకి ధైర్యమే విద్య. నల్లరంగు పొట్లం సగమే మిగిలింది. ఈ మధ్య పడుచుపిల్లలు వేయించుకునే ద్రాక్షపండు ఎరుపు ఇంకో సగం ఉంది. రెండూ కలిపేసింది. అంపెమ్ కుర్చీలోంచి సగం లేచాడట. "నలుపు ఎరుపుని మింగేస్తుంది తాతా, కంగారుపడకు" అందట. రంగులు కలిపి బతికేవాడికి తెలియదా, తెల్లగోడ మీద ఏది ముందు పట్టుకుంటుందో! తెలుసు. కానీ కొవ్వొత్తి వెలుగులో, అద్దంలో ఒక పడుచువాడు కనబడ్డాడు. అద్దంలో పడుచువాడు కనబడితే ముసలివాడు ఇంకేం అడుగుతాడు! పాతకాలపు చరిత్రల్లో చదివాను, ముసలి సేనానులు యుద్ధానికి వెళ్తూ గడ్డానికి రంగేసుకునేవారట, శత్రువు జాలిపడి వదిలేస్తే పరువు పోతుందని. పిల్లనడగడానికి వెళ్లేవాడికి అంత పరువు కూడా ఉండదు.

"గుండు కొట్టించేసుకో" అన్నాడు డ్రైవరు.

చేపలక్క నెత్తి కొట్టుకుంది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! గుండు కొట్టించుకునేది పోయినవాడి ఇంటివాళ్లు. ఎర్ర తలతో పోతే చుట్టరికం కలుపుకున్నాడంటారు. గుండుతో పోతే ఆస్తిలో వాటాకొచ్చాడంటారు."

"అయితే టోపీ తియ్యకు."

"ఒడూరో ముందా? టోపీతో పెద్దలకి దండం పెడితే తలకాయే తీసేస్తారు."

"ఇంజను మసి ఉంది, పూయనా?"

అంపెమ్ లేచి వెళ్లి, వేలితో ఆ మసి తీసి, ఎండకి పట్టి చూశాడు. "నూనె మసి. చెమటకి కారుతుంది. బట్ట తెల్లది" అని పనివాడిలా పెదవి విరిచాడు.

బండి కదిలింది. నాకు మాంపాంగ్‌లో పనేమీ లేదు. అసలు ఎక్కడా ఉన్నట్టు గుర్తు లేదు. "నువ్వు ముందు నడువన్నా. కొత్తమొహాన్ని చూసే హడావుడిలో నా తల చూడరు" అన్నాడు అంపెమ్, మాంపాంగ్‌లో దిగుతూ. నడిచాను.

షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో ఊరంతా తెల్లగా కూర్చుని ఉంది, కొంగల గుంపు వాలినట్టు. ఇక్కడ కుడి నుంచి ఎడమకి వరసగా అందరికీ చెయ్యి కలుపుకుంటూ పోవాలి. ఒక్కరిని దాటేసినా తప్పే. నేను ముందు, వెనక అంపెమ్, టోపీ చంకలో. నన్నెవరూ చూడలేదు. చేతులు నాకిచ్చి, కళ్లు నా భుజం మీదుగా పంపించారు. మా వెనకే గుసగుసలు కుర్చీ కుర్చీకీ పాకుతూ వచ్చాయి. వరస మధ్యలో మేనమామ, పక్కన ఫ్రేమా.

ఒడూరో కర్ర నేలకి తాటించాడు. డప్పులు ఆగాయి.

"క్వాసీ అంపెమ్, మేం ఏడుపు ముగించి కూర్చున్నాం. నీకివాళ ఎవరు పోయారు?"

అంపెమ్ చంకలో టోపీ సర్దుకున్నాడు. నా వంక చూశాడు. నేను మళ్లీ ఆకాశం వంక చూశాను.

"నా తెల్లజుట్టు పోయింది, పెద్దాయనా" అన్నాడు. "నిన్న సాయంత్రం, సెలూన్లో. దాన్ని చంపింది నేనే, చుట్టాన్నీ నేనే. అందుకే ఎర్రగా వచ్చాను."

ఎక్కడో ఒకామె ముక్కులోంచి నవ్వింది. ఒడూరో నవ్వలేదు.

"వయసెంత నీకు?"

"అరవై నాలుగు. మొన్నటిదాకా చూస్తేనే తెలిసేది."

"ముసలాడికి ఇవ్వనన్నాను. విన్నావా?"

"విన్నాను కాబట్టే ఈ గతి పట్టింది."

అప్పుడు ఫ్రేమా తలెత్తింది. ఏడాది నల్లబట్టలో ఉన్న మనిషి, కొత్త తెలుపు ఇంకా ఒంటికి అలవాటు పడలేదు. అంపెమ్ తలని ఈ చివర్నుంచి ఆ చివరికి, బజార్లో వంకాయ చూసినట్టు చూసింది.

"మామా, ఈయనకి తలకి రంగు వేయించుకోవడమే చేతకాలేదు. నాకంటే ముందు చచ్చిపోవడం మాత్రం ఏం చేతనవుతుంది?"

షామియానా గుంజలు కదిలేట్టు నవ్వారు జనం. ఒడూరో కర్ర మీద గడ్డం ఆనించుకుని చాలాసేపు భుజాలు అదిరేట్టు ఊగాడు. అది నవ్వో దగ్గో తెలియడానికి కొంత టైము పట్టింది. "తోట పని అయ్యాక వస్తాను" అన్నాడు చివరికి, కళ్లు తుడుచుకుంటూ. "అప్పటికి ఆ తల అసలు రంగు పైకి రావాలి. నాకు మనిషిని చూసి మాట్లాడటం అలవాటు, బోర్డుని చూసి కాదు."

"ఇంకోసారి వేశాడంటే గడపలోకి రానివ్వను, నువ్వేం భయపడకు మామా" అని ఫ్రేమా లేచింది. అంపెమ్ వైపు తిరగకుండానే, "ఆ ఖాళీ కుర్చీలు రెండూ పట్టుకురా. పెరట్లో నిమ్మకాయలున్నాయి, సబ్బుంది. ఎంత వదులుతుందో చూద్దాం" అని నడిచింది.

డప్పులు మళ్లీ మొదలయ్యాయి. అంపెమ్ బట్ట భుజం మీదికి ఎగదోసుకుని, చెరో చేతిలో ఒక కుర్చీ ఎత్తుకున్నాడు. కుర్చీ కాలు ఒకటి నా మోకాలికి తగిలింది. "అంపెమ్!" అన్నాను. వినలేదు. కొంగల్లాంటి జనం మధ్యలోంచి ఆ ఎర్ర తల ఆవిడ వెనకాలే పెరటి తలుపు దాటి వెళ్లిపోయింది.