మబ్బు వెనక ఏముందో చెప్పాలి

మధ్యాహ్నం రెండింటికి పోస్టుకి చేరాను. పదమూడు వేల అడుగుల ఎత్తు. ఎనిమిది మందిమి, రెండు బంకర్లు. తూర్పున గట్టు. గట్టు వెనక పల్లంలో మరో పోస్టు, అక్కడ ఐదుగురు. ఆ సాయంత్రమే నన్ను సెంట్రీలో నిలబెట్టారు. ఏడున్నరకి గట్టు మీది మబ్బు ఎర్రబడింది. చూసి ఊరుకున్నాను.

ఎందుకు రిపోర్టు చెయ్యలేదని పోస్టు కమాండరు సుబేదారు సాబ్ నిలదీశారు. నేను భిలాయిలో పుట్టినవాణ్ణి. స్టీలు ప్లాంటులో మరిగే స్లాగ్ పారబోసినప్పుడల్లా మా క్యాంప్ 2 బస్తీ మీద ఆకాశం ఎర్రబడుతుంది, ఎవరూ తలెత్తి చూడరు. అదే చెప్పాను. ఇంతలో మబ్బు విడి పౌర్ణమి చంద్రుడు బయటపడ్డాడు.

"చంద్రుడు కాబట్టి సరిపోయింది. అదే మంటయితే?" అన్నారాయన. వచ్చే పౌర్ణమికల్లా ఏ వెలుగేదో చెప్పలేకపోతే సెంట్రీ బంద్, వంటింట్లో ఉల్లిపాయలు కొయ్యాలి. రోజూ గట్టు మీది వెలుగుని ఫొటో తియ్యమని పోస్టు కెమెరా నా చేతికిచ్చారు. సిగ్గుతో చచ్చిపోయాను.

రేడియో ఆపరేటరుది శ్రీకాకుళం వైపు. "ఏటన్నా, చందమావకి ఫొటో తియ్యడానికొచ్చావేటి ఇంత దూరం?" అని ఏడిపించేవాడు.

కెమెరా ఇసుక బస్తా మీద, బ్యాటరీ చలికి చావకుండా నా చంకలో. కెమెరాలో వెలుతురు చంద్రుడికి సరిపెడితే మబ్బు నల్లగా పోయేది. మబ్బుకి సరిపెడితే చంద్రుడు సున్నపు ముద్ద. ఎందుకలా అని పట్టుకుంది నాకు. ప్రతి ఫొటోకీ టైము రాశాను. చంద్రుడు రోజురోజుకీ ముప్పావు గంట ఆలస్యంగా వస్తాడని ముప్పై రెండేళ్ళ వయసులో అప్పుడే తెలిసింది!

రెండో పౌర్ణమి మర్నాడు. నా లెక్కకి చంద్రుడు ఎనిమిదిన్నరకి రావాలి. ఏడూముప్పావుకే మబ్బు ఎర్రబడింది.

"నీ చందమావ వచ్చీసాడన్నా," అన్నాడు రేడియో ఆపరేటరు.

"కాదు. ఇంకా ముప్పావు గంటుంది. కింది పోస్టుని పిలువు."

సుబేదారు సాబ్ నా మొహంలోకి చూశారు. "పక్కా?"

"పక్కా సాబ్."

పిలవమని ఆయన ఆపరేటరుకి సైగ చేశారు. మూడో పిలుపుకి నిద్రగొంతుతో జవాబొచ్చింది. కింద బంకరు వెనక కిరోసిన్ అంటుకుంది. వాళ్ళ సెంట్రీ అవతలి వైపున్నాడు, మిగతావాళ్ళు స్లీపింగ్ బ్యాగుల్లో నిద్రలో ఉన్నారు. మేం తాళ్ళు తీసుకుని గట్టెక్కాం.

రిటైరయి ఇప్పుడు భిలాయిలో ఉంటున్నాను. ఎన్ని తూటాలు కాల్చావని ఇక్కడివాళ్ళు అడుగుతారు. చంద్రుడి ఫొటోలు చూపిస్తే ఉసూరుమంటారు. అసలు చూపించాల్సిన దానికి ఫొటో లేదు. ఆ రాత్రి గట్టు మీదికి చేరేసరికి ఎనిమిదిన్నర. చంద్రుడు టైముకే వచ్చాడు. కింద మంచు మీద మనుషులు, కొందరికి బూట్లు కూడా లేవు. వేలు చూపిస్తూ లెక్కపెట్టాను. నమ్మకం చాలక మళ్ళీ లెక్కపెట్టాను. ఐదుగురు.