బొగ్గు దుమ్ముకి నీలి మబ్బులు

మా ఆఫీసులో లెక్కలకి బొమ్మలు గీస్తాం. లెక్కలు నేను సరిచూస్తాను. వాటికి పౌడరు రాసి బొట్టుపెట్టే పని మా బాస్ చూసుకుంటాడు. ఆ పౌడరుకి ఆయన పెట్టుకున్న పేరు ‘ఫీల్’.

మల్కాపురంలో మా వీధి వెనక ఒక ప్రైవేటు బొగ్గు యార్డు ఉంది. ఏ నెలలో మా ఇళ్ల మీద ఎంత దుమ్ము పడిందో వార్డు మీటింగులో జనానికి చూపించే పని మా ఆఫీసుకే వచ్చింది. బొగ్గు గుట్టల మీద దుమ్ము లేవకుండా రోజూ నీళ్లు చల్లించాలా వద్దా అన్నది ఆ మీటింగులోనే తేలాలి. మా అక్క కూతురికి ఆయాసం. ఎండాకాలమంతా దాని మొహానికి నెబ్యులైజరు మాస్కే. అందుకే ఈ ఒక్క పని మాత్రం నాకు జీతం పనిగా అనిపించలేదు.

నెలకొక నల్ల పట్టీ గీశాను. వానాకాలంలో పొట్టివి, ఎండలు ముదిరేకొద్దీ పొడుగువి. బాస్ పెదవి విరిచాడు.

“ఏంటమ్మా ఇది, అగరొత్తుల కట్టలా? ఫీల్ ఏదీ?”

పట్టీలు తీసేసి నెలకో మబ్బు వేయించాడు. నీలం, లేత బూడిదరంగు, అంచులు నీళ్లలో కరిగిపోయినట్టు. ఏ మబ్బు ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పలేరు. మా డాబాల మీద తెల్లటి పక్షుల్ని కూడా ఎగరేశాడు. మా డాబాల మీద వాలేవి కాకులు, అవీ తుమ్ముకుంటూ.

బొమ్మంటే నాకు చిన్నచూపు లేదు. పుస్తకం మూసేశాక కూడా బొమ్మే గుర్తుంటుంది. కానీ లెక్క పక్కన నిలబడ్డ బొమ్మ దానికి దారివ్వాలి. ఇది గుమ్మంలో అడ్డంగా నిలబడి తన చీర కుచ్చిళ్లు తానే చూసుకుంటోంది. ఈ మాట డైరీలో రాసుకున్నాను. బాస్‌తో అనడానికి భయపడ్డాను.

కమ్యూనిటీ హాల్లో బోర్డు నిలబెట్టారు. పక్కింటి పిన్ని బోర్డు దగ్గరికెళ్లి చూసింది.

“ఏసంకాలంలో ఇంత మబ్బేటి బాబూ? మాకు సినుకే పడలేదు.”

ఆడవాళ్లంతా నవ్వారు.

“మబ్బు కాదమ్మా, అది డస్టు,” అన్నాడు బాస్.

“డస్టా! ఇంత సల్లగా ఉందేటి?”

యార్డు మేనేజరు కూడా నవ్వి, “బానే ఉంది కదండీ వాతావరణం,” అంటూ లేవబోయాడు.

నా బ్యాగులో పట్టీల కాగితం ఉంది. తీసి పిన్ని చేతిలో పెట్టాను. “ఎంత పొడుగుంటే అంత దుమ్ము పిన్నీ. కింద నెలలు.”

పిన్ని వేలితో ఒక్కో పట్టీ తడిమింది.

“ఓలమ్మా! ఈ పొడుగువన్నీ మనం బట్టలు గదుల్లో ఆరేసుకున్న నెలలే!”

కాగితం చేతులు మారింది. ఎదురింటి అత్త దాన్ని మేనేజరు మొహం ముందు పెట్టింది. “ఈ నెల్లో తెల్లసీర డాబా మీదేత్తే సాయంత్రానికి నల్లసీరే. ఏటి సెప్తావో సెప్పి కదులు.”

గుమ్మం దగ్గర ఆడవాళ్లు దారివ్వలేదు. వానలు పడేదాకా రోజూ ట్యాంకరు పంపుతామని మేనేజరు వార్డు సెక్రటరీ ముందు రాసిచ్చాకే కదలనిచ్చారు.

బయట బాస్ బోర్డుని జాగ్రత్తగా దుప్పట్లో చుడుతున్నాడు.

“చూశావా, జనం ఎలా కదిలారో! ఫీల్ అంటే అదీ.”

డైరీలో రాసుకున్న మాట నాలుక చివరదాకా వచ్చింది. ఈసారి ఆపింది భయం కాదు. ఆ మాట ఖర్చుపెట్టేపాటి మనిషిగా ఆయన నాకు కనిపించలేదు.