పూర్తి చేసి పోగొట్టిన ముఖం

బొమ్మ ఎక్కడ ఆపాలో తెలియని మూర్ఖుణ్ణి నేను. ఆ సంగతి నాకు తెలిసేసరికి తాండూరులో పోర్ట్రెయిట్లు వేయడం మొదలుపెట్టి పాతికేళ్లయింది. బ్లెండింగ్‌లో, అంటే రెండు రంగుల మధ్య గీత కనబడకుండా మెత్తటి కుంచెతో కలిపేయడంలో నాకు పేరుంది. నేను వేసిన చెంప మీద ఈగ వాలితే కాలు జారాల్సిందే. పేరు వచ్చింది గానీ తీరు రాలేదని చూపించింది ధారూర్ నుంచి వచ్చిన లక్ష్మమ్మ.

ఆరేళ్ల కిందటి మాట. ఆమె కూతురు స్వరూప పద్దెనిమిదేళ్లకే జ్వరంతో పోయింది. ఫొటో అంటే పారిపోయే పిల్లట. ఒక పెళ్లిలో ఎవరో ఫోన్‌లో తీసినదొక్కటే దొరికింది. అందులోనూ తల తిప్పేసరికి ముఖం చెదిరిపోయింది. దాన్ని చూసే బొమ్మ వేయమంది.

"బిడ్డ మొఖం మరుస్తున్న సారూ. పొద్దుగాల యాదికొస్తది, మాపటికి రాదు. జర జల్ది చెయ్యుండ్రి."

నాలుగో రోజు మళ్లీ వచ్చింది. అప్పటికి బ్లాక్-ఇన్ మాత్రమే అయింది. పెద్ద కుంచెతో వెలుగునూ నీడనూ గబగబా పరిచే మొదటి పూత అది. కుంచె దెబ్బలన్నీ కనబడుతున్నాయి. కనుబొమ్మ ఒకే వేటు, నవ్వు సగం గీత. లక్ష్మమ్మ గడపలోనే ఆగిపోయింది.

"గిదే సారూ. పిలిస్తె గిట్లనే మర్లి చూసేది. ఇచ్చెయ్యుండ్రి, తీస్కపోత."

"గిది ఇంక పచ్చిదే అక్కా. మంచిగ నున్నగ చేసిస్త."

"నున్నగ నాకెందుకు సారూ?"

నవ్వి పంపించేశాను. తొమ్మిది రోజులు దిద్దుతూ దిద్దుతూ ఆ ముఖాన్ని రద్దు చేశాను. నా కంటికి మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

ఆమె చూసి ఏడవలేదు. "మంచిగుంది సారూ. ఎవ్వల పిల్ల?" అంది.

కలిపేసిన రంగును విడదీయలేం. ఇంకో మూడు కాన్వాసులు పట్టాయి. ప్రతిసారీ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి కూతురి గురించి చెప్పమన్నాను. మొదటి రెండూ కాదంది. మూడోసారి, స్వరూప బస్సు తప్పిపోతుందని సగం అల్లిన జడతోనే ఉరికిన సంగతి చెబుతోంది. నా చెయ్యీ ఆ వేగంతోనే కదిలింది.

"ఆగుండ్రి," అంది లక్ష్మమ్మ. తర్వాత నెమ్మదిగా, "వొచ్చింది సారూ."

నునుపు తప్పని నేననను. కుదురుగా కూర్చునే మనిషికి అది నప్పుతుంది. ఒకచోట నిలవని పిల్లను పట్టి నున్నగా చేస్తే చర్మం మిగులుతుంది, పిల్ల మిగలదు.

అయినా ఎడమ చెంప మీద ఒక ముద్ద ఎక్కువైనట్టు అనిపించింది. చెయ్యి అప్పుడే అటు పోతోంది. ఆ చెయ్యి మీదే కక్ష తీర్చుకున్నాను. రంగు ఆరకముందే బొమ్మను స్టేషన్ దాకా మోసి, ఆమెను ధారూర్ బండి ఎక్కించాను.

"అంచులు పట్టుకో అక్కా. తడి ఆరేదాంక మొఖాన్ని ఎవ్వల్ని ముట్టనియ్యకు."

"మిమ్ముల గూడనా సారూ?"

"ముందుగాల నన్నే."