తెల్ల అంచు డేలియా

పెళ్ళికి ముందు ఆమెను అందరూ పూలపిచ్చి అని పిలిచేవారు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆ పేరు ఊడిపోయింది, పిచ్చి మాత్రం కొద్దిగా మిగిలింది. లాండ్రీలో ఇస్త్రీ పని, ఇంట్లో ఇద్దరు పిల్లలు, బస్సు నడిపే మొగుడు, మోకాళ్ళ నొప్పుల అత్తగారు. ఆమె కాలు ఒక్కచోట నిలిస్తే ఒట్టు. ఒకప్పుడు అల్లికలు అల్లేది, బొమ్మలు వేసేది. అవన్నీ ఒక్కొక్కటిగా అటకెక్కాయి. "చలి తగ్గనీ, మొదలుపెడతా" అని ప్రతి ఏడూ అనేది. చలి తగ్గేది, పని తగ్గేది కాదు.

ఒక్క డేలియాలను మాత్రం వదల్లేదు. వెనక వాకిట్లో మంచమంత నేల ఉంది. అందులో ఏడేళ్ళుగా విత్తనాలు వేస్తూ, నచ్చని మొక్కల్ని పీకి పారేస్తూ, కిందటేడు ఒక పువ్వు పూయించింది. ముదురు ఊదా రేకులు, ప్రతి రేకు చివరా దారం పట్టినట్టు తెల్లటి అంచు. వీధి చివర నర్సరీ పెద్దాయన ఎవర్నీ ఒక పట్టాన మెచ్చుకునే మనిషి కాదు. దాన్ని చూసి కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఇలాంటిది నేను చూళ్ళేదమ్మా," అన్నాడు. "విత్తనం వేస్తే మళ్ళీ ఇదే రాదు, దుంప నుంచే రావాలి. చలి పోగానే దుంపలు పట్టుకురా, నా మడిలో వేద్దాం. రెండో ఏడు కూడా ఇదే రంగు పూస్తే, దీనికి నీ పేరే పెట్టి అమ్ముతా."

ఇంట్లో ఆమెను పేరుపెట్టి పిలిచే దిక్కు లేదు. మొగుడికి ఏమేయ్, అత్తగారికి అమ్మాయ్, లాండ్రీలో మూడో బల్ల. అలాంటిది, ముక్కూ మొహం తెలియనివాళ్ళు దుకాణానికొచ్చి తన పేరు చెప్పి పువ్వు అడుగుతారని తలుచుకుంటే ఇస్త్రీ ఆవిరిలో కూడా నవ్వొచ్చేది. ఆ చలికాలమంతా ఆమె ఆ ఒక్క మాట మీదే బతికింది.

చలికి ఆకులు మాడిపోయాక దుంపలు తవ్వింది. ఐదు వచ్చాయి. మట్టి దులిపి, ఆరబెట్టి, బుట్టలో పొడి ఇసుక పోసి అందులో కప్పెట్టి, మెట్ల కింద గదిలో ఉంచింది. గడ్డకట్టకుండా, కుళ్ళకుండా ఉండాలంటే అదే పద్ధతి. పదిహేను రోజులకోసారి ఇసుక తీసి చూసుకోవాలి. మొదట్లో చూసింది. తర్వాత చిన్నదానికి దగ్గు, పెద్దాడికి పరీక్షలు, లాండ్రీలో ఊపిరి సలపని పని. ఇంతలో అత్తగారు మేడ ఎక్కలేనంటే, ఆ మెట్ల కింద గదిలోనే ఆవిడకు మంచం వేయాల్సొచ్చింది. పనికి టైమైపోతోందని ఆమె బుట్టను తెచ్చి వంటింట్లో బంగాళాదుంపల పక్కన పెట్టింది. రెండు రోజులకే అనుకుంది. రెండు నెలలు అక్కడే ఉంది. చీటీ కూడా అంటించలేదు. ఏడేళ్ళుగా చూస్తున్నారు కదా, ఈ ఇంట్లో వాటిని పోల్చుకోనివాళ్ళెవరని అనుకుంది. వెర్రితల్లి. ఆ ఏడేళ్ళలో ఒక్కరూ వాటివైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఇంకో పది రోజుల్లో చలి పోతుందనగా ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె పని నుంచి ఆలస్యంగా వచ్చింది. అందరూ తిని లేచారు. అత్తగారే వంట చేసి, కోడలి కోసం గిన్నెలో కూర మూతపెట్టి ఉంచింది. ఆమె నిలబడే తింది. చప్పగా, చివర్లో కాస్త చేదుగా అనిపించింది. అంత నొప్పితో చేసిన మనిషికి వంక చెప్పడమెందుకని మారు వడ్డించుకుంది.

"బాగుందా?" అంది అత్తగారు.

"బాగుంది అత్తయ్యా."

"ఆ ఇసకలో ఉన్నవే. ముడతలు పడిపోతున్నాయి, పారెయ్యడం ఎందుకని వండేశా. ఉడకడానికి నా ప్రాణం తీశాయనుకో."

ఆమె నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. బుట్ట ఓ మూల బోర్లించి ఉంది. ఆమె చెత్తడబ్బా ముందు కూర్చుని రెండు చేతులతో వెతికింది. డేలియా దుంపకు మొలక వచ్చేది మెడ దగ్గర ఉండే కంటి నుంచి. ఉడికించాక అత్తగారు కోసి పారేసిన ఆ మెడ ముక్కలు ఐదూ దొరికాయి. మెత్తగా ఉడికిపోయి ఉన్నాయి.

సంగతి తెలిశాక మొగుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏడేళ్ళు నీళ్ళు పోశావు. ఇన్నాళ్ళకి ఒక పూటైనా గడిచింది," అన్నాడు. తన పొట్టలో పువ్వు పూస్తుందా అని చిన్నది అడిగింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. వండిపెట్టడం కూడా తప్పేనా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిణ్ణి ఊరుకోబెట్టే పని కూడా ఆమె మీదే పడింది. మర్నాటికల్లా కథ బస్సు డిపో అంతా పాకింది. వారంపాటు వీధిలో ఎదురైన ప్రతివాడూ ఇవాళ మీ ఇంట్లో ఏ పువ్వు కూర అని అడిగాడు. సిగ్గులేని జనం.

చలి పోయింది. నర్సరీ పెద్దాయన రెండుసార్లు కబురు పెట్టాక ఇక తప్పక వెళ్ళింది. ఆయన మడి తవ్వి, ఎరువు కలిపి సిద్ధంగా ఉంచాడు. మడి మొదట్లో ఒక చెక్కపలక పాతాడు. దాని మీద ఆమె పేరు రాసి ఉంది.

"ఏవమ్మా దుంపలు?"

మా అత్త వండేసిందని ఎలా చెబుతుంది? "కుళ్ళిపోయాయండీ," అంది.

"ఎన్నాళ్ళకోసారి చూశావు?"

"రెండు నెలలు చూడలేదండీ."

"అలాంటి పువ్వు చేతికొస్తే రెండు నెలలు చూడలేదా?" అన్నాడు పెద్దాయన. "నీ దగ్గర పూయడం దాని ఖర్మ."

ఇంట్లోవాళ్ళు అంత నవ్వినా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆయన మాట అన్యాయం కాదని ఆమెకు తెలుసు.

ఆయన పలక పీకి, బల్ల మీద పెట్టి గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు. మంచి చెక్క, ఇంకో మొక్కకి పనికొస్తుంది. పలక కదిలిపోతోంది.

"ఆ చివర కాస్త పట్టుకోమ్మా," అన్నాడు.

ఆమె పట్టుకుంది. అక్షరాలన్నీ పోయేదాకా కదలకుండా పట్టుకుంది.